కోలిన్ చాప్‌మన్: కారును నేలకు దించిన ఇంజినీర్.. ప్రతి అంగుళానికీ ఓ లెక్క, ఓ మూల్యం!

స్పోర్ట్స్ కారు కొనగానే చాలామంది కుర్రాళ్లు చేసే మొదటి పని.. కంపెనీ ఇచ్చిన స్ప్రింగులు తీసేసి పొట్టి లోయరింగ్ స్ప్రింగులు వేయించడం. పనిలో పనిగా పెద్ద అల్లాయ్ వీల్స్ కూడా. టైరుకీ దానిపైన మడ్‌గార్డ్‌కీ మధ్య రెండు వేళ్లు కూడా పట్టకూడదు.. అదీ లుక్కు! గ్యారేజీలో ఒక్కరోజులో అయిపోయే ఈ పని వెనక చాలా లెక్కలే ఉన్నాయి. ఆ లెక్కల్ని జీవితాంతం పట్టుకుని వేలాడిన మనిషి బ్రిటన్‌కు చెందిన కోలిన్ చాప్‌మన్. లోటస్ కార్ల కంపెనీ పెట్టింది ఈయనే. ఫార్ములా వన్‌ను మలుపు తిప్పిందీ ఈయనే. కానీ ఆ ప్రయాణంలో కొందరు డ్రైవర్ల ప్రాణాలు కూడా పోయాయి. అసలు ఎవరీ చాప్‌మన్? ఏం చేశాడు?

పాత కార్ల బేరంతో మొదలు

ఆంథోనీ కోలిన్ బ్రూస్ చాప్‌మన్ 1928 మే 19న లండన్ దగ్గరి రిచ్‌మండ్‌లో పుట్టాడు. తండ్రి హార్న్‌సీ ప్రాంతంలో రైల్వే హోటల్ అనే పబ్ నడిపేవాడు. చాప్‌మన్ యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో స్ట్రక్చరల్ ఇంజినీరింగ్ చదివాడు. అంటే వంతెనలు, భవనాలు ఎంత బరువు మోస్తాయో లెక్కగట్టే చదువు. అక్కడే యూనివర్సిటీ ఎయిర్ స్క్వాడ్రన్‌లో చేరి విమానం నడపడం కూడా నేర్చుకున్నాడు. తక్కువ బరువుతో ఎక్కువ బలం ఎలా సాధించాలన్న ఆలోచనకు ఈ రెండూ పునాది వేశాయి.

చదువుకుంటూనే పాత కార్లు కొని అమ్మే వ్యాపారం మొదలుపెట్టాడు. అప్పట్లో బ్రిటన్‌లో పెట్రోల్‌కు రేషన్ ఉండేది. 1947లో సాధారణ కార్లకిచ్చే ఆ కాస్త కోటాను కూడా ప్రభుత్వం ఎత్తేయడంతో పాత కార్ల ధరలు ఒక్కసారిగా పడిపోయాయి. ఉన్న సరుకంతా నష్టానికి వదిలించుకున్నాడు. చివరికి మిగిలింది ఒకే ఒక్క 1930 మోడల్ ఆస్టిన్ సెవెన్. దాన్నే ఊడదీసి ప్లైవుడ్, అల్యూమినియంతో కొత్త బాడీ కట్టాడు. పని జరిగింది ప్రేయసి హేజెల్ తల్లిదండ్రుల ఇంటి గ్యారేజీలో. అలా 1948లో మొదటి లోటస్ తయారైంది.

ఆ ఏడాది లెక్కల పేపర్ పోవడంతో డిగ్రీ మాత్రం ఏడాది ఆలస్యంగా చేతికొచ్చింది. జీవితమంతా లెక్కలతోనే గెలిచిన మనిషికి మొదట అడ్డం తగిలింది లెక్కల పేపరే!

1952 జనవరి 1న లోటస్ ఇంజినీరింగ్ మొదలైంది. దీనికి హేజెల్ ఇచ్చిన 25 పౌండ్లే పెట్టుబడి. తండ్రి పబ్ వెనకున్న పాత గుర్రాల కొట్టమే ఫ్యాక్టరీ. రెండేళ్ల తర్వాత ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. కంపెనీకి లోటస్ అని.. అంటే తామర పేరు ఎందుకు పెట్టాడన్నది చాప్‌మన్ బయటకు చెప్పలేదు. కారు ముందున్న బ్యాడ్జిలో మాత్రం తన పేరులోని నాలుగు పొడి అక్షరాలు ఏ, సీ, బీ, సీలను ఒకదానిలో ఒకటి అల్లించి పెట్టాడు.

ఇరుసు మధ్యకు కోసేశాడు

ఆస్టిన్ సెవెన్‌కు ముందు రెండు చక్రాలనూ కలుపుతూ ఒకటే గట్టి ఇరుసు ఉండేది. ఎడమ చక్రం గుంతలో పడితే కుడి చక్రం కూడా వంగేది. చాప్‌మన్ ఆ ఇరుసును సరిగ్గా మధ్యలో కోసి, రెండు ముక్కల్నీ తలుపు బందుల్లా కదిలేలా బిగించాడు. దాంతో ఏ చక్రం కదలిక దానిదే అయింది. ఇందులో ఖరీదైన విడిభాగం ఒక్కటీ లేదు. ఉన్నదాన్నే కోసి వాడుకున్నాడు, అంతే.

1951లో చేసిన మార్క్ 3 కారుతో చిన్న కార్ల రేసుల్లో దుమ్ము రేపాడు. ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారుల విషయంలో నిబంధనల్లో దొరికిన ఓ సందును వాడుకున్నాడు. రేసు నిర్వాహకులు ఆ తర్వాత రూలే మార్చాల్సి వచ్చింది. నిబంధన ఏం చెప్పిందో కాదు, ఏం చెప్పలేదో చదవడం చాప్‌మన్‌కు అప్పటి నుంచే అలవాటు. ఈ అలవాటే చివర్లో పెద్ద గొడవకు దారితీసింది.

తర్వాత వచ్చిన మార్క్ 6, 1957 నాటి లోటస్ సెవెన్ కార్లను విడిభాగాలుగా అమ్మేవాడు. కొన్నవాళ్లే ఇంట్లో బిగించుకోవాలి. అలా కొంటే బ్రిటన్‌లో పూర్తి కారు మీద పడే కొనుగోలు పన్ను తప్పేది. పెద్దగా డబ్బు లేని కుర్రాళ్లు కూడా తమ చేతులతో స్పోర్ట్స్ కారు కట్టుకున్నారు.

ఈలోగా వేరే కంపెనీలు కూడా ఆయన సలహా కోసం వచ్చాయి. వాన్‌వాల్ రేసు కారుకు చాప్‌మన్ ఛాసిస్, సస్పెన్షన్ డిజైన్ చేసిచ్చాడు. 1958లో ఫార్ములా వన్ చరిత్రలోనే మొట్టమొదటి కన్‌స్ట్రక్టర్స్ టైటిల్ వాన్‌వాల్‌కే దక్కింది.

కారు దించితే ఏమవుతుంది?

ఇక్కడ అసలు విషయం ఒకటి తెలుసుకోవాలి. కారు బరువంతా ఒక బిందువు దగ్గర ఉన్నట్టు ఊహించుకుంటే, ఆ బిందువు నేలకు ఎంత దగ్గరగా ఉంటే మలుపులో కారు అంత తక్కువ ఒరుగుతుంది. బయటివైపు టైర్ల మీద పడే భారం కూడా తగ్గుతుంది. నాలుగు టైర్లూ సమానంగా పనిచేస్తే పట్టు పెరుగుతుంది. కారు దించడంలో ఉన్న లాభం ఇదే.

మరి నష్టం? కారు కిందికి దిగితే చక్రం పైకి కదలడానికి ఉండే జాగా తగ్గిపోతుంది. ఆ తక్కువ జాగాలోనే దెబ్బ ఆగాలంటే స్ప్రింగు గట్టిగా ఉండాలి. స్ప్రింగు గట్టిపడితే దానికి తగ్గ షాక్ అబ్జార్బర్ కావాలి, లేదంటే కారు బంతిలా ఎగురుతుంది. సస్పెన్షన్ చేతుల కోణాలు మారతాయి కాబట్టి టైరు నేలను తాకే తీరు కూడా మారుతుంది. దీనికి తోడు పెద్ద చక్రాలు వేస్తే స్ప్రింగు కింద వేలాడే బరువు పెరుగుతుంది. ఆ బరువు ఎక్కువైతే చక్రం గతుకు మీద పైకి లేచి, మళ్లీ రోడ్డును అందుకోవడం ఆలస్యమవుతుంది. అంటే దేనికోసమైతే ఖర్చు పెట్టామో ఆ పట్టే పోతుంది.

చాప్‌మన్‌కు ఇది బాగా తెలుసు. 1962లో వచ్చిన లోటస్ ఎలాన్ చూస్తే అర్థమవుతుంది. స్పోర్ట్స్ కారంటే గట్టి స్ప్రింగులు అనుకునే రోజుల్లో ఎలాన్‌కు మెత్తని స్ప్రింగులు పెట్టాడు. చక్రం కదలడానికి కావాల్సినంత జాగా ఇచ్చాడు. గట్టిదనం ఉండాల్సింది స్ప్రింగులో కాదు, ఛాసిస్‌లో అన్నది ఆయన లెక్క. అందుకే కారు మధ్యలో వెన్నెముకలాంటి స్టీల్ ఛాసిస్ వేసి, పైన ఫైబర్‌గ్లాస్ బాడీ పెట్టాడు. మొత్తం బరువు 700 కిలోల లోపే. చక్రాలు కేవలం 13 అంగుళాలు. అయినా మలుపుల్లో దాన్ని పట్టుకోవడం పెద్ద పెద్ద కార్ల వల్ల కూడా కాలేదు.

ఫోర్డ్ ఫ్యామిలీ కారుకు చాప్‌మన్ మార్కు రిపేరు

ఈరోజు గ్యారేజీల్లో జరిగే లోయరింగ్ పనికి బాగా దగ్గరగా ఉండే కథ లోటస్ కోర్టినాది. కోర్టినా అంటే ఫోర్డ్ అమ్మే మామూలు ఫ్యామిలీ కారు. దాన్ని రేసుల్లో గెలిచేలా మార్చాలని ఫోర్డ్ అడిగింది. చాప్‌మన్ టీమ్ దాన్ని విప్పేసింది. ముందు వైపు పొట్టి, గట్టి స్ట్రట్లు వేసి కారును కిందికి దించారు. వెనక వైపు లీఫ్ స్ప్రింగులు.. అంటే మన లారీల కింద కనిపించే కమాన్ కట్టల్లాంటివి.. తీసేసి కాయిల్ స్ప్రింగులు పెట్టారు. చక్రాల వెడల్పు పెంచారు. తలుపులు, బానెట్, డిక్కీ మూత అల్యూమినియంతో చేశారు. లోపల 1,558 సీసీ ట్విన్ క్యామ్ ఇంజిన్. తెల్ల రంగు మీద పచ్చ చార వేసి 1963లో రోడ్డెక్కించారు.

ఫలితం అదిరిపోయింది. మలుపులో లోపలివైపు ముందు చక్రం గాల్లోకి లేపుకుని దూసుకెళ్లే ఆ కారును చూడటానికి జనం ఎగబడ్డారు. స్కాట్లాండ్ డ్రైవర్ జిమ్ క్లార్క్ 1964లో దీనితోనే బ్రిటిష్ సెలూన్ కార్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు.

కానీ ఇక్కడే తిరకాసు వచ్చింది. వెనక ఇరుసును అటూ ఇటూ జరగకుండా పట్టుకోవడానికి త్రికోణం ఆకారంలో ఒక చట్రం పెట్టి, దాని మొనను డిఫరెన్షియల్ డబ్బాకు బిగించారు. ఆ డబ్బా అంత ఒత్తిడి కోసం తయారైంది కాదు. బోల్టులు వదులయ్యేవి. ఆయిల్ కారేది. ఆ ఆయిల్ తగిలి రబ్బరు బుష్‌లు మెత్తబడిపోయేవి. చివరికి 1965లో మళ్లీ పాత లీఫ్ స్ప్రింగులకే వెళ్లారు. ఒక భాగం మారిస్తే దాని భారం ఇంకో భాగం మీద పడుతుంది. చాప్‌మన్ అంతటివాడు చేసిన మార్పుకీ ఆ సూత్రం వర్తించింది.

డ్రైవర్‌ను కూడా పడుకోబెట్టేశాడు

ఇక ఫార్ములా వన్ సంగతికొస్తే.. 1962లో వచ్చిన లోటస్ 25 పెద్ద సంచలనం. అప్పటిదాకా పైపులు వెల్డింగ్ చేసి ఛాసిస్ కట్టేవారు. దాని బదులు విమానంలా రేకులతోనే గట్టి తొట్టిలాంటి నిర్మాణం చేశాడు. కారును ఇంకా కిందికి దించడానికి ఇక దారి లేకపోవడంతో డ్రైవర్‌నే దాదాపు వెల్లకిలా పడుకోబెట్టాడు. కారు సన్నబడింది, గాలికి ఎదురయ్యే వైశాల్యం తగ్గింది. జిమ్ క్లార్క్ 1963, 1965లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. 1965లోనే అమెరికాలో ఇండియానాపోలిస్ 500 రేసునూ లోటస్ కారుతోనే గెలిచాడు.

చాప్‌మన్, క్లార్క్ మధ్య బంధం యజమాని, డ్రైవర్‌లా కాకుండా ప్రాణ స్నేహితుల్లా ఉండేది. 1968 ఏప్రిల్ 7న జర్మనీలోని హాకెన్‌హైమ్‌లో ఫార్ములా టూ రేసులో క్లార్క్ కారు చెట్లలోకి దూసుకెళ్లింది. క్లార్క్ అక్కడికక్కడే చనిపోయాడు. చాప్‌మన్ కుంగిపోయాడు. అయినా ఆ ఏడాది గ్రాహం హిల్ గెలుపుతో టైటిల్ లోటస్‌కే వచ్చింది.

రెక్కలు విరిగాయి.. ఉత్తరం వచ్చింది

అదే సమయంలో కార్లకు రెక్కలు మొదలయ్యాయి. విమానం రెక్క పైకి లేపితే, తలకిందులు చేసిన రెక్క కారును నేలకు నొక్కుతుంది. అయితే ఆ ఒత్తిడి స్ప్రింగుల మీద పడితే కారు కుంగిపోతుంది. అందుకే చాప్‌మన్ రెక్కల్ని పొడవాటి కాళ్ల మీద నిలబెట్టి నేరుగా చక్రాల హబ్‌ల దగ్గర బిగించాడు. ఒత్తిడి స్ప్రింగును తప్పించుకుని నేరుగా టైరుకే వెళ్తుంది. ఆలోచన అద్భుతం. కాళ్లు మాత్రం సన్నవి.

1969 మేలో స్పెయిన్ గ్రాండ్‌ప్రీ. బార్సిలోనాలోని మోంట్‌జుయిక్ పార్క్‌లో గ్రాహం హిల్ కారు రెక్క విరిగి కారు గోడను గుద్దింది. కాసేపటికి అదే చోట సహచర డ్రైవర్ జోఖెన్ రింట్ కారు రెక్కా విరిగింది. రింట్ గాయాలతో బయటపడ్డాడు. తర్వాతి రేసులో ఎత్తు రెక్కల్ని నిషేధించారు. ఆ ప్రమాదం తర్వాత రింట్ చాప్‌మన్‌కు ఉత్తరం రాశాడు. కార్లు ఎలాగూ వేగంగానే ఉన్నాయని, కాస్త బరువు పెరిగినా ఫర్వాలేదు కానీ బలహీనంగా ఉన్న భాగాల్ని గట్టిపరచాలని కోరాడు.

నిజానికి ఇది కొత్త ఫిర్యాదు కాదు. 1960లో బెల్జియంలోని స్పా ట్రాక్‌పై ప్రాక్టీస్‌లో స్టిర్లింగ్ మాస్ నడుపుతున్న లోటస్ చక్రం ఊడిపోయింది. మాస్ రెండు కాళ్లూ విరిగాయి. లోటస్‌లో కూర్చుంటే గెలుస్తాం, కానీ ఏ భాగం ఎప్పుడు విరుగుతుందో తెలియదన్న మాట డ్రైవర్లలో గట్టిగానే ఉండేది.

1970లో లోటస్ 72 వచ్చింది. గొడ్డలి అంచులాంటి ముక్కు, పక్కల్లో రేడియేటర్లు. స్ప్రింగు కింద బరువు తగ్గించడానికి ముందు బ్రేకుల్ని చక్రాల దగ్గర నుంచి తీసి కారు బాడీ వైపు పెట్టాడు. చక్రానికీ బ్రేకుకూ మధ్య ఒక షాఫ్ట్ వేశాడు. బరువు కోసం ఆ షాఫ్ట్‌ను కూడా లోపల బోలుగా చేయించాడు. మొదట్లో కారు సరిగా నడవలేదు. సస్పెన్షన్ కోణాలు సరిచేశాక రింట్ వరుసగా గెలుస్తూ పోయాడు.

సెప్టెంబర్ 5.. ఇటలీలోని మోంజా. క్వాలిఫైయింగ్‌లో పారాబోలికా మలుపు దగ్గర బ్రేకు వేసే సమయంలో రింట్ కారు ఒక్కసారిగా ఎడమకు తిరిగి కంచెను గుద్దింది. ముందు కుడివైపు బ్రేకు షాఫ్ట్ విరిగినట్టు తేలింది. రింట్ సీటు బెల్టులో కాళ్ల మధ్య పట్టీలు పెట్టుకోలేదు. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. మిగిలిన రేసుల్లో ఆయన పాయింట్లను ఎవరూ దాటలేకపోయారు. చనిపోయాక ప్రపంచ ఛాంపియన్ అయిన ఏకైక ఫార్ములా వన్ డ్రైవర్ ఇప్పటికీ జోఖెన్ రింటే.

నేలకు అతుక్కుపోయిన కారు

లోటస్ ఆగలేదు. 1972లో ఎమర్సన్ ఫిట్టిపాల్డీ ఛాంపియన్ అయ్యాడు. ఆ తర్వాత కొన్నేళ్లు వెనకబడినా, 1977లో లోటస్ 78తో మళ్లీ దెబ్బ కొట్టాడు. ఈసారి రెక్కను కారు మీద కాదు, కింద దాచాడు. ఇంజినీర్లు పీటర్ రైట్, టోనీ రడ్ గాలి సొరంగంలో చేసిన ప్రయోగాలతో కారు పక్క భాగాల అడుగు వైపు తలకిందుల రెక్క ఆకారం ఇచ్చారు. పక్కల నుంచి గాలి దూరకుండా నేలను రాసుకునే పరదాలు వేలాడదీశారు. కారు అడుగున గాలి ఒత్తిడి తగ్గిపోయి, కారు నేలకు అతుక్కుపోయేది. 1978లో లోటస్ 79తో మారియో ఆండ్రెట్టి ఛాంపియన్. కానీ అదే సీజన్‌లో మోంజాలో స్టార్ట్ దగ్గర జరిగిన ప్రమాదంలో గాయపడ్డ సహచరుడు రోనీ పీటర్సన్ మరుసటి రోజు చనిపోయాడు. ఆనందం, విషాదం మళ్లీ ఒకే ఊళ్లో.

అందరూ ఈ కిటుకు కాపీ కొట్టారు. ఇది పనిచేయాలంటే కారుకూ నేలకూ మధ్య ఎడం మారకూడదు. అందుకోసం స్ప్రింగుల్ని రాయిలా గట్టిగా చేశారు. డ్రైవర్ల వెన్ను నొప్పులు మొదలయ్యాయి, గతుకుల మీద చూపు కూడా మసకబారేది. 1981లో కదిలే పరదాల్ని నిషేధించి, కారు కింద కనీసం 6 సెంటీమీటర్ల ఎడం ఉండాలని రూలు పెట్టారు. కొలిచేది కారు ఆగి ఉన్నప్పుడే కదా అని బ్రాభమ్ టీమ్ ఒక ఉపాయం పన్నింది. పిట్‌లో ఎత్తుగా ఉండి, ట్రాక్ మీద దానంతటదే దిగే సస్పెన్షన్ తెచ్చింది.

చాప్‌మన్ జవాబు ఇంకో మెట్టు పైది. లోటస్ 88లో ఏకంగా రెండు ఛాసిస్‌లు! బయటిది గాలి ఒత్తిడిని మోస్తూ నేలకు దగ్గరగా ఉంటుంది. డ్రైవర్ కూర్చునే లోపలిదానికి వేరుగా మెత్తని స్ప్రింగులు. అంటే కారు కిందే ఉంటుంది, మనిషికి దెబ్బ తగలదు. గట్టి స్ప్రింగుల వల్ల డ్రైవర్లు పడుతున్న నరకానికి ఇది నిజమైన పరిష్కారం. కానీ ఇతర టీమ్‌లు అభ్యంతరం చెప్పాయి, అధికారులు కారును నిషేధించారు. నిబంధనల్లో సందులు వెతికి గెలిచిన మనిషి, చివరికి ఆ నిబంధనల దగ్గరే ఓడిపోయాడు.

డెలోరియన్ మచ్చ

అదే రోజుల్లో ఇంకో గొడవ. అమెరికా వ్యాపారి జాన్ డెలోరియన్ తలపెట్టిన స్టీల్ బాడీ స్పోర్ట్స్ కారుకు ఇంజినీరింగ్ పని లోటస్ చేసింది. బ్యాక్ టు ద ఫ్యూచర్ సినిమాలో కనిపించే కారు అదే. అమెరికా నిబంధనల కోసం దాని ముందు భాగం ఎత్తు పెంచాల్సి వచ్చింది. అందుకే ఇప్పటికీ ఆ కార్ల యజమానులు బయట దొరికే పొట్టి స్ప్రింగులు వేయించి దాన్ని దించుకుంటుంటారు.

కారు సంగతి అలా ఉంటే, డబ్బు సంగతి వేరు. బ్రిటన్ ప్రభుత్వ సాయంతో నడిచిన ఆ ప్రాజెక్టులో కోటీ 70 లక్షల డాలర్లకు పైగా సొమ్ము వేరే కంపెనీ ద్వారా దారి మళ్లింది. 1992లో లోటస్ మాజీ ఆర్థిక అధికారి ఫ్రెడ్ బుషెల్‌కు మూడేళ్ల జైలు శిక్ష పడింది. చాప్‌మన్ బతికి ఉంటే కనీసం పదేళ్ల శిక్ష పడేదని ఆ కేసులో జడ్జి అభిప్రాయపడ్డారు.

కానీ అప్పటికే చాప్‌మన్ పోయి దాదాపు పదేళ్లవుతోంది. 1982 ఆగస్టులో ఆస్ట్రియాలో ఎలియో డి ఆంజెలిస్ కేవలం 0.05 సెకన్ల తేడాతో గెలిచినప్పుడు, ఎప్పటిలాగే టోపీ గాల్లోకి విసిరాడు. ఆయన చూసిన చివరి గెలుపు అదే. డిసెంబర్ 16న గుండెపోటుతో కన్నుమూశాడు. డెలోరియన్ కేసు తప్పించుకోవడానికి చావు నాటకం ఆడాడన్న పుకార్లు కూడా షికారు చేశాయి.

ఇప్పుడు లోటస్ ఎక్కడుంది?

చాప్‌మన్ హయాంలో లోటస్ ఏడు కన్‌స్ట్రక్టర్స్ టైటిళ్లు, ఆరు డ్రైవర్ల టైటిళ్లు గెలిచింది. ఆయన చివరి రోజుల్లో టీమ్ పనిచేసిన మరో ఆలోచన.. స్ప్రింగు పనిని కంప్యూటర్, హైడ్రాలిక్స్ చేసే యాక్టివ్ సస్పెన్షన్. 1983లో నైజెల్ మాన్సెల్ దాన్ని రేసుల్లో నడిపాడు. 1987లో మొనాకో, డెట్రాయిట్ రేసుల్లో అయర్టన్ సెన్నా అదే టెక్నాలజీతో గెలిచాడు.

కంపెనీ చేతులు మారుతూ ఇప్పుడు చైనాకు చెందిన గీలీ దగ్గరుంది. 2023లో భారత మార్కెట్‌లోకీ వచ్చింది. ఇక్కడ మొదట తెచ్చిన ఎలెట్రే ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ బరువు దాదాపు రెండున్నర టన్నులు. చక్రాలు 22 అంగుళాలు. ఎయిర్ సస్పెన్షన్‌తో కారు ఎత్తు తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. 13 అంగుళాల చక్రాలతో 700 కిలోల లోపు ఎలాన్ చేసిన కంపెనీ ఇదే.

స్ప్రింగులు మార్చి, వీల్స్ పెంచి కారును దించాలనుకునేవాళ్లకు చాప్‌మన్ జీవితంలో రెండు విషయాలు దొరుకుతాయి. ఎలాన్, కోర్టినా చూస్తే.. కారు కిందికి దిగడం ఒక్కటే కాదు, స్ప్రింగు, షాక్, చక్రం, వాటిని పట్టుకునే బోల్టు వరకు అన్నీ ఒకే లెక్కలో ఉండాలని తెలుస్తుంది. రింట్ రాసిన ఉత్తరం చూస్తే.. ఆ లెక్కలో బలం కోసం కాస్త బరువు మిగల్చకపోతే ఏమవుతుందో తెలుస్తుంది.